దిగని కబళము

శ్రద్ధతో భోజనము చేయువారు విస్తరిముందు కూర్చుండి, ఉదకముతో పరిషేచనము చేసి, ఆపోశనము పట్టి, అటుపిమ్మట పంచప్రాణములకు ఐదు చిన్న కబళములను దంతము తగులనీయక ఒక్కొక్క మంత్రముతో ఒక్కొక్కటిగా మ్రింగుట ఈనాటికిని కొన్ని ఇండ్లలో కనబడు ఆచారము. దీనిని ప్రాణాహుతి యందురు. ఛాందోగ్యోపనిషత్తు ఐదవ అధ్యాయమున వైశ్వానరవిద్య చెప్పు సందర్భములో, ఈ మొదటి ముద్దలు అగ్నిహోత్రముతో సమానమైన హోమములనియు, ఆ సంగతి తెలిసి తినువాని ఆహుతి సర్వలోకములను సర్వభూతములను చేరుననియు ప్రతిపాదింపబడినది. మన ధర్మశాస్త్రములు రోగిని మరచినవి కావు. జలము, ఫలము, మూలము, క్షీరము, ఔషధము మొదలైనవి వ్రతభంగము చేయవని చెప్పి, ఉపవాసమునకు తాళలేనివానికి వెసులుబాటు కల్పించినవి. అయితే ఉపవాసము చేయలేనివాడొకడుండగా, ఉపవాసము విరమింపలేనివాడు మరియొకడున్నాడు. ఏకాదశినాడు పస్తున్నవానికి ద్వాదశి పారణ కలదు. ఈతనికి ద్వాదశి రాదు. నాలుక మొదటనో, కంఠమునందో, అన్నవాహికలోనో క్యాన్సరు పుట్టి ముద్ద దిగని మనుష్యుని గూర్చి చెప్పుచున్నాను. అట్టివాని జీవితము ఎంత తరిగినది, ఆ తరుగును కొలువవచ్చునా, కొలిచినచో ఆ అంకె చెప్పునది ఏమి, ఆ బాధలో ఏదేని అర్థము కలదని పలుకు అధికారము ఎవరిది—ఇవి ఆసుపత్రిలో పుట్టిన ప్రశ్నలే యైనను, వేదాంతి తప్పించుకొనదగినవి కావు.

మ్రింగుట యనునది మనము చేయు పనులలో మిక్కిలి చిత్రమైనది. ముద్దను నమలుట, నాలుకతో త్రిప్పుట, లాలాజలముతో తడిపి వెనుకకు నెట్టుట—ఇంతవరకు మన ఇచ్ఛ నడచును, వలదనుకొన్నచో ఉమిసివేయవచ్చును. నాలుక మొదలు దాటిన పిమ్మట ఇచ్ఛకు పని లేదు. సుమారు ఒక సెకను కాలములో మృదువైన అంగిలి పైకి లేచి ముక్కుదారిని మూసివేయును, ఊపిరి నిలిచిపోవును, స్వరపేటిక పైకిని ముందునకును కదలి, స్వరతంత్రులు దగ్గరపడి, ఉపజిహ్విక వాలి, శ్వాసమార్గము మూతపడును, ఎల్లప్పుడును బిగిసియుండు అన్నవాహికాముఖము తెరచుకొనును, ముద్ద దిగినంతనే అన్నియు యథాస్థానమునకు మరలును. ముప్పది జతలకు సమీపమైన కండరములును, మెదడునుండి బయలుదేరు నాడులలో అయిదారు జతలును ఈ పనిలో పాల్గొనునని శారీరకశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఊపిరి త్రోవయు అన్నపు త్రోవయు గొంతులో ఒకదానినొకటి దాటుకొనుచున్నవి గనుక, రైలుగేటువద్ద వలె ఒకటి పోవునప్పుడు రెండవది ఆగితీరవలెను. ఆ గేటు పడుట ఇంచుక ఆలస్యమైనను పొలమారును. పొలమారినప్పుడు ఎవరో తలచుకొనుచున్నారని నెత్తిమీద తట్టుట మన ఇండ్లలో పరిపాటి. ఆ దగ్గు నిజమునకు దేహము చేసికొను ఆత్మరక్షణ. కంఠమున రేడియేషన్ పొందినవారిలో కొందరికి అక్కడి స్పర్శజ్ఞానము మొద్దుబారి, అన్నోదకములు ఊపిరితిత్తులలోనికి జారుచున్నను దగ్గే రాదు. పొలమారకపోవుటయే వారికి ప్రమాదము. న్యుమోనియా వచ్చిన పిమ్మట గాని సంగతి బయటపడదు.

మన ప్రాచీనులు ఈ కూడలిని గుర్తింపకపోలేదు. వాగ్భటుడు ప్రాణవాయువు చేయు పనులను లెక్కించుచు, నిశ్శ్వాసమును, అన్నమును లోనికి ప్రవేశపెట్టుటను ఒకే వాయువునకు అప్పగించినాడు. కంఠము ఉదానమునకు స్థానమని యోగశాస్త్రసంప్రదాయము. దేహాంతమున జీవుని కర్మానుసారముగా ఆయా లోకములకు గొనిపోవునది ఆ ఉదానమే యని ప్రశ్నోపనిషత్తు. ఊపిరి, అన్నము, మాట, కడపటి ప్రయాణము—నాలుగును ఆ నాలుగు వ్రేళ్ల మేర చోటనే ముడిపడియున్నవి. అందుచేతనే కాబోలు, కాలు విరిగినవాడు కాలు విరిగినదని చెప్పును గాని, ముద్ద దిగనివాడు తన ప్రాణమే అడ్డుపడినట్లు మాటలాడును.

ఈ వ్యాధి మనకు దూరపుది కాదు. భారతదేశమున పురుషులకు వచ్చు క్యాన్సరులలో నోటికి సంబంధించినవి మొదటి వరుసలో ఉన్నవి. పొగాకు, గుట్కా, వక్క, మద్యము దీనికి ప్రధానకారణములు. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు అంగిలిని ఏమి చేయుచున్నదో తెలియుటకు పిండ్‌బోర్గు, మెహతా మొదలైన వైద్యులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రకటించిన పత్రము వైద్యలోకమున ప్రసిద్ధము. వ్యాధికి చికిత్స కలదు. సకాలమున కనిపెట్టినచో నయమగుటయు కలదు. కాని ఇందొక విపరీతము. మ్రింగుటకు కష్టము వ్యాధివలన ఎంత కలుగునో, చికిత్సవలనను ఇంచుమించు అంతయు కలుగుచున్నది. శస్త్రచికిత్సలో నాలుకలో కొంత భాగము పోవచ్చును. రేడియేషన్ సాధారణముగా వారమునకు ఐదు దినముల చొప్పున ఏడు వారములు, ముప్పదియైదు విడతలుగా నడచును. మూడవ వారమునకు నోరంతయు పుండగును, రుచి పోవును, దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు ఊరవలసిన లాలాజలము ఎండిపోవును, దవడ బిగిసికొనును. పుండ్లు మానును. కండరములు గట్టిపడుట మాత్రము చికిత్స ముగిసిన కొన్ని సంవత్సరములకుగూడ మెల్లమెల్లగా సాగుచునే యుండును. ఇట్లు రోగము పోయినదని డాక్టరుగారు సంతోషముతో చెప్పిన మనుష్యుడు, అన్నము తినలేనివాడై ఇంటికి వచ్చును. ఆతడు బ్రతికినవారి లెక్కలో చేరినాడు, భోజనపంక్తిలో చేరలేదు.

వైద్యశాస్త్రము చాలకాలము క్యాన్సరు రోగిని, ఐదేండ్లు బ్రతికెనా లేదా యను ఒక్క లెక్కతోనే తూచినది. 1949లో కార్నోఫ్‌స్కీ, బర్చెనాల్ అను అమెరికా వైద్యులు నూటినుండి సున్న వరకు పదేసి మెట్లుగా ఒక కొలతను కల్పించి, రోగి తన పనులు తాను చేసికొనగలడా, పరులపై ఎంత ఆధారపడుచున్నాడు అను సంగతి తెలుపుటకు యత్నించిరి. అదియొక ముందడుగే, కాని అందు అంకె వేయువాడు వైద్యుడు. రోగినే అడిగి వ్రాసికొను పద్ధతి స్థిరపడుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టినది. 1993లో ఐరోపా క్యాన్సరు పరిశోధనసంస్థ ముప్పది ప్రశ్నల పత్రమును ప్రకటించినది. మ్రింగుటకే ప్రత్యేకించి 2001లో ఎం.డి. ఆండర్సన్ వైద్యశాల పేర ఇరువది ప్రశ్నల పత్రము వచ్చినది. దానిలో స్కోరు ఇరువదినుండి నూటి వరకు నడచును, ఎక్కువ యన్న మేలని అర్థము. స్వాల్-క్వాల్ అను మరియొక దానిలో నలుబదినాలుగు ప్రశ్నలు. తీరిక లేని ఔట్ పేషెంట్ విభాగములకై 2008లో పదే ప్రశ్నలతో ఈట్-టెన్ అనునది వెలువడినది. మరియొక వంక యంత్రపరీక్షలున్నవి: బేరియం కలిపిన ముద్దను మ్రింగించి కదలుచున్న ఎక్స్‌రేలో చూచుట, ముక్కుగుండా సన్నని కెమెరాను దింపి కంఠమును కనిపెట్టుట. బేరియం ఏ దారిని పోయినదో, ఎంత నిలిచిపోయినదో అవి నిర్దుష్టముగా చెప్పును.

ఈ రెండు సాక్ష్యములు పలుమారు ఏకీభవింపవు. ఎక్స్‌రేలో కంఠము మిక్కిలి చెడియున్నను రోగి తనకు పెద్ద ఇబ్బంది లేదని వ్రాయును. చిత్రములో స్వల్పదోషమే కనబడినను వేరొకడు తన బ్రతుకు వ్యర్థమైనదని వ్రాయును. యంత్రమును నమ్మువారు దీనిని ప్రశ్నాపత్రముల లోపముగా భావింతురు. నాకు మాత్రము ఇది న్యాయశాస్త్రమున ఎప్పుడో పరిష్కృతమైన విషయమని తోచును. సుఖదుఃఖములు ఆత్మగుణములనియు, వానిని మానసప్రత్యక్షముచేత ఎవనివి వాడే ఎరుగుననియు, పరుని దుఃఖము మనకు అనుమానప్రమాణముచేతనే తెలియుననియు నైయాయికుల మతము. ఎక్స్‌రే ఎంత సూక్ష్మమైనను కంఠమును చూపును గాని దుఃఖమును చూపదు. దానినుండి దుఃఖమును ఊహించుట అనుమానమే, ఆ అనుమానము తప్పుటకు వీలున్నది. ఇక మిగిలినది శబ్దప్రమాణము, అనగా ఆప్తుని మాట. ఆప్తుడెవడన్నచో, విషయమును సాక్షాత్తుగా ఎరిగి ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమని వాత్స్యాయనుడు తన భాష్యమున ఉదారముగా వ్రాసినాడు. రోగికి ఏల సమానము కాకూడదు? ఇరువది ప్రశ్నల కాగితమును మన పండితులు పాశ్చాత్యుల గుమాస్తాగిరిగా చూచి నవ్వవచ్చును. కాని రోగిని తన బాధవిషయమున ఆప్తునిగా అంగీకరించిన పని ఆ కాగితమే చేసినది. పూర్వజన్మకర్మ యని ఒక్కమాటతో తేల్చిన మనము అంతపాటి గౌరవము రోగికి ఈయలేదు.

అయినను ఆప్తునికి రెండు లక్షణములు చెప్పబడినవి. ఎరుగుట యొకటి, చెప్పగోరుట రెండవది. మొదటిదానిలో రోగిని మించినవాడు లేడు, రెండవదానిలోనే చిక్కు. మన ఆసుపత్రులలో రోగి ఒంటరిగా రాడు. కొడుకో కోడలో, బావమరిదియో ప్రక్కన నిలుచుండును. “తినగలుగుచున్నారా?” అని అడిగిన ప్రశ్నకు, రోగి నోరు తెరచులోపలనే, “ఫరవాలేదండీ, జావ త్రాగుచున్నారు” అని వారు బదులు చెప్పుదురు. తనకై పొలము తాకట్టు పెట్టిన కొడుకు ఎదుట, ఇంత చేసినను నాకు సుఖము లేదని చెప్పుటకు తండ్రికి నోరాడదు. చదువురాని తల్లికి ఎవరో ప్రశ్నలు చదివి వినిపించి, ఆమె తల ఊపిన తీరునుబట్టి గళ్లలో గుర్తు పెట్టుదురు. అట్టి అంకెలను కూడి సగటు తీసినచో లభించునది రోగి దుఃఖమా, ఆ ఇంటి మర్యాదయా?

ఇంతకంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. చికిత్స ముగిసిన మూడు మాసములకు నలుబది స్కోరు చెప్పినవాడు, ఏడాది గడచిన పిమ్మట, కంఠము అట్లే యుండగా, డెబ్బది చెప్పవచ్చును. వానిలో మారినది కండరము కాదు, కొలబద్ద. మునుపు గారెలు తినలేనందుకు దుఃఖించినవాడు ఇప్పుడు పెరుగన్నము పొలమారక దిగినందుకు తృప్తిపడుచున్నాడు. పరిశోధకులకు ఇది పెద్ద తలనొప్పి. చికిత్సలను సరిపోల్చవలసిన కొలబద్దయే రోగి చేతిలో పొడుగు కురుచలగుచుండెనని వారి బాధ. యోగసూత్రములు చదివినవాడు దీనినే సంతోషమను నియమముగా గుర్తించి ఆనందించును. నేను ఆ ఇద్దరితోను పూర్తిగా ఏకీభవింపజాలను. ఉన్నదానితో తృప్తిపడుట ఒక సాధన. ఇంకేమియు రాదని తెలిసి అడుగుట మానుకొనుట ఒక పరాజయము. కాగితముమీద రెండింటికిని డెబ్బదియే వచ్చును. వానిని వేరుపరచు పరీక్ష నాకు తోచినంతవరకు ఒక్కటే. సాధించినవాడు ఇతరులు తినుచుండగా చూడగలడు. ఓడినవాడు ఆ చోటినుండి లేచిపోవును. ఇదియును అన్నివేళల నిలుచు పరీక్షయని చెప్పను. ఏలన, చూడగలుగుట కొందరికి అభిమానముచేతనే సాధ్యమగుచున్నది.

లేచిపోవుట యనునది ఈ వ్యాధిలో తరచుగా కనబడు లక్షణము. పంక్తిలో అందరును ముగించువరకు ఎవరును లేవరాదని మన మర్యాద. ఇరువది నిముషములలో అందరు ముగించు భోజనము ఈతనికి గంట పట్టును; ముద్దకొక గుటక నీరు త్రాగవలెను, నడుమ దగ్గవలెను, పెదవి కొననుండి కారినది తుడుచుకొనవలెను, ఒక్కొక్కప్పుడు నోటిలోనిది తీసి ప్రక్కన పెట్టవలెను. ఎంగిలిని గూర్చి ఇంత పట్టింపు గల సమాజములో అది ఎంతటి అవమానమో వేరుగ చెప్పనక్కరలేదు. కావున, “మీరు కానీండి, నేను తరువాత తినెదను” అనును. ఆ మాట మొదట పెండ్లిండ్లలో పుట్టి, పిమ్మట పండుగలకు వ్యాపించి, తుదకు ప్రతిదినము ఇంటిలోనే వినబడును. భార్య ఆతనికై అన్నమును కూరను కలిపి, కారము లేకుండ, మిక్సీలో వేసి మెత్తగా త్రిప్పును. బీరకాయ యేదో సొరకాయ యేదో కంటికి గాని నోటికి గాని తెలియదు. ఆతని ముక్కునకు తగులునని ఆమె పోపు వేయుట మానివేయును. తాను మాత్రము వంటింటిలో నిలుచుండి, తప్పు చేయుచున్నదానివలె, నాలుగు ముద్దలు ఆవకాయతో తిని చేయి కడిగికొనును. ఉగాదినాడు షడ్రుచుల పచ్చడిని ఆతని అరచేతిలోగూడ పెట్టుదురు; చేదు లేదు, తీపి లేదు, పులుపొక్కటి పుండును మండించును. అన్నప్రాశననాడు మొదలైన మన బంధుత్వమంతయు ముద్దలతోడనే నడచినది. గోరుముద్దలు పెట్టిన తల్లి, ఇంటికి వచ్చినవానిని తినిపోవువరకు కదలనీయని పిన్ని, కొసరి వడ్డించు అత్తగారు—వీరందరికిని ప్రేమను తెలుపు భాష ఇంకొకటి రాదు. తిననివానిని ఎట్లు ప్రేమింపవలెనో తెలియక వారు ఆతనిని విసిగింతురు, కొంత కాలమునకు తామును దూరమగుదురు. ప్రశ్నాపత్రములలో సంఘజీవనము, సిగ్గు, ఇతరులతో కూడి తినుట అను అంశములకు ప్రత్యేకముగా చోటున్నది. వానిని రచించినవారు విస్తరి ఎరుగరు, అయినను సరియైన చోటనే వ్రేలు పెట్టిరి.

ఇక శ్రీరామకృష్ణ పరమహంస. కంఠవ్యాధి ప్రసంగము వచ్చినచోట ఆయన పేరు రాక మానదు. 1885లో గొంతునొప్పి ఆరంభమైనది. చికిత్సకై ఆయనను దక్షిణేశ్వరమునుండి కలకత్తాలోని శ్యాంపుకూరునకును, ఆ సంవత్సరము డిసెంబరులో కాశీపూరు తోట ఇంటికిని చేర్చిరి. 1886 ఆగస్టు 16న మహాసమాధి. వైద్యము చేసినవారిలో ముఖ్యుడు మహేంద్రలాల్ సర్కారు—1876లో భారతీయ విజ్ఞానపరిషత్తును స్థాపించిన హేతువాది; రోగిని మాటలాడవద్దని శాసించి, తాను మాత్రము గంటలకొలది మాటలాడించినవాడు. మనస్సును కంఠముపై నిలిపినచో వ్యాధి పోవునుగదా యని ఒక పండితుడు సూచింపగా, సచ్చిదానందమునకు అర్పించిన మనస్సును ఈ ఎముకల గూటికై వెనుకకు తీసికొనుట ఎట్లని ఆయన నిరాకరించెను. తరువాత నరేంద్రుడు మొదలైనవారు పట్టుపట్టగా, కొంచెమైనను తినగలుగునట్లు జగన్మాతను అడిగితిననియు, ఇన్ని నోళ్లతో తినుచుంటివిగదా యని ఆమె శిష్యులను చూపగా సిగ్గుపడితిననియు చెప్పెను.

ఈ కథకు అద్వైతమున గొప్ప స్థానము కలదు, కాదనను. కాని దీనిని పరామర్శకు వచ్చిన పెద్దలు రోగి మంచముప్రక్క కూర్చుండి వినిపించుట చూచునప్పుడెల్ల నాకు సంకోచము కలుగును. పరమహంస ఆ మాటను తన కంఠమును గూర్చి తాను చెప్పెను. ఎదుటివాని కంఠమును గూర్చి చెప్పలేదు. ఆకలియైనవానిని చూచి, నేను తింటినిగదా, నీవు తిన్నట్లే యని యెవరికిని బోధింపలేదు. మరియు ఆ కథ చెప్పువారు విడిచివేయు సంగతులు అనేకములు. శారదాదేవి జావలు కాచి, వడగట్టి, వేళకు అందించుచునే యుండెను. ఎంత దిగినదో శిష్యులు దినదినము ఆతురతతో చూచుచునే యుండిరి. తుది దినమున ఆయన ఆకలి యని చెప్పుటయు, కడపటి రాత్రి కొంత పాయసము పుచ్చుకొనుటయు వారే వ్రాసి ఉంచినారు. ఇన్ని నోళ్లతో తినుచున్నానని తెలిసినవానికిని ఈ ఒక్క నోటి ఆకలి ఉండెను. జ్ఞానము ఆకలిని అసత్యము చేయలేదు; ఆ రెండును ఒకే దేహమున ప్రక్కప్రక్కనే యుండెను.

ముండకోపనిషత్తులో రెండు పక్షుల ప్రసక్తి అందరెరిగినదే: ఒకే చెట్టుమీద ఒకటి ఫలమును తినును, రెండవది తినక చూచుచుండును. చూచునది సాక్షి, అదియే శ్రేష్ఠము. కుటుంబమంతయు భోజనము చేయుచుండగా గోడనానుకొని కూర్చుండినవాడు చూపులకు ఆ రెండవ పక్షివలెనే యుండును. అయితే బలవంతముగా ఆ కొమ్మకు త్రోయబడినవాడు సాక్షి కాడు. వాడు తినవలెనని కోరుచున్న మొదటి పక్షియే. బృహదారణ్యకము ఐదవ అధ్యాయమున రోగముతో తపించుటయే పరమతపస్సని ఒక అద్భుతమైన వచనమున్నది. మన మత సాహిత్యమున రోగికి ఇంతటి పదవి నిచ్చిన మాట మరియొకటి ఉండునో లేదో. కాని అచ్చట ఒక నియమమును గమనింపవలెను: ఆ ఫలము ఎవడు ఇట్లు తెలిసికొనునో వానికి. తెలిసికొనవలసినవాడు రోగి. పరామర్శకు వచ్చినవాడు తెలిసికొన్నందువలన రోగి బాధ తపస్సు కాదు. అప్పుడది మనకు కలిగిన ఊరట మాత్రమే. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న దీక్ష పూని, డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడుచువరకు, ఏ క్షణముననైనను ఒక్క గుటకతో విరమింపగలిగియుండిరి. విరమింపగలిగియుండుటయే ఆ దీక్షకు బలము. జైనుల సల్లేఖనమును సమ్మతిపైననే నిలిచియున్నది. కంఠము మూసికొనిపోయినవానికి ఆ స్వాతంత్ర్యము లేదు. ఉన్నదెల్ల, ఈ అస్వతంత్రతకు తాను ఏ అర్థమునిచ్చును, ఈయక విడుచునా యను స్వాతంత్ర్యము. అదియైనను మనము లాగికొనరాదు. బాధ యెంతయో చెప్పుటకు ఉత్తమపురుషలో తప్ప వీలులేనట్లే, బాధ ఎందులకో చెప్పుటయు ఉత్తమపురుషలోనే చెల్లును.

గొట్టముగుండా ఆహారము పుచ్చుకొనుట అన్నమగునా యని కొందరు శ్రద్ధాళువులు అడుగుదురు. ముక్కుగుండా దింపు రైల్స్ ట్యూబుగాని, పొట్టకు చిన్న రంధ్రము చేసి అమర్చు పెగ్ ట్యూబుగాని నాలుకకు చెప్పకుండ దేహమును పోషించును. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు నీటితో మాత్రము ఉండుమని, పిమ్మట వేదము చెప్పుమనెను. వానికి ఏమియు తోచలేదు. అన్నము తిన్న తరువాత సర్వమును తోచినది. కావున మనస్సు అన్నమయమని తండ్రి నిరూపించెను. శ్వేతకేతువునకు ట్యూబుద్వారా పాలు, గ్రుడ్డు, గంజి ఎక్కించియున్నను వేదము తిరిగి వచ్చియే యుండును. ఉద్దాలకుని అర్థమున అది అన్నమే, సందేహము లేదు. ట్యూబు పెట్టించుకొనుట ఓటమియని ఏడ్చువారికి ఈ కథ వినిపింపదగినది. పోవునది అన్నము కాదు, భోక్తృత్వము. అది పోయినందుకు ఏడ్చినచో ఆ ఏడుపు న్యాయమైనదే.

కడపట ఒక ఆచరణసమస్య. గీతకు వ్యాఖ్యానము చేసినవారు వైశ్వానరుడు పచనము చేయు చతుర్విధాన్నమును భక్ష్యము, భోజ్యము, లేహ్యము, చోష్యము అని విభజించిరి. అన్నవాహిక ఇరుకైనవానికి ఇంచుమించు ఈ వరుసనే ఒక్కొక్కటి దూరమగును: ముందు కొరికి తినునవి, పిమ్మట అన్నము, తరువాత జావ. ఈనాటి మ్రింగుడు నిపుణులును నీటినుండి సాధారణభోజనము వరకు సున్న మొదలు ఏడుగా ఎనిమిది అంతస్తులు ఏర్పరచుకొన్నారు. కాని కంఠపు కండరములు బలహీనపడినవారికి ఈ వరుస తలక్రిందులగును. వారికి గట్టి పెరుగు దిగును, నీరే ప్రమాదము. నీరు ముద్దవలె నిలువక, గేటు పడకమునుపే ఊపిరిత్రోవలోనికి జారిపోవును. తీర్థము నీరు. తులసితీర్థము, గంగోదకము, ప్రాతఃకాలపు కాఫీ—అన్నియు నీళ్లే. నోటితో ఏమియు ఈయవద్దని ఆసుపత్రివారు మంచమునకు కాగితము తగిలింతురు. తీర్థమైనను పోయకుండ పంపుట ఎట్లని ఇంటివారు విలపింతురు. ఒకరు ఊపిరితిత్తులను, ఒకరు పరలోకమును రక్షింపబూనిన ఈ తగవులో ఇద్దరును మంచముమీదివానిని అడుగుట మరతురు. అపాయము తెలిసియే దినమునకు నాలుగు చెంచాల కాఫీ రుచి కోరువాడున్నాడు. ఆతనిని మూర్ఖుడనుట నాకు సమ్మతము కాదు, ఆత్మహత్యాదోషము అంటగట్టుట అంతకన్న సమ్మతము కాదు. న్యుమోనియా రావచ్చునని వైద్యుడు స్పష్టముగా చెప్పవలెను. తల ఎట్లు వంచి మ్రింగినచో అపాయము తగ్గునో చికిత్సకుడు నేర్పవలెను. నోరు శుభ్రముగా నుంచినచో లోనికి జారిన నీటివలన చెరుపు తగ్గునని ఇంటివారికి తెలుపవలెను. ఇవి చెప్పిన పిమ్మట త్రాగుటయో మానుటయో ఆతని ఇష్టము. కాశీపూరులో గొంతు పెగలనప్పుడు పరమహంస కాగితముమీద వ్రాసి చూపెడివారు. స్వరపేటిక తీసివేయబడినవారికి మన వార్డులలో ఒక పలకయు బలపమును ఇచ్చి, బంధువులను బయట కూర్చుండుమని చెప్పుటకు పెద్ద వ్యయము కాదు. అట్లు చేసిన తరువాత ప్రశ్నాపత్రము తీసినచో, దానిలో పడు అంకెలు ఇప్పటికంటె తక్కువగా వచ్చుననియే నా అనుమానము.